ఏడంతస్తుల కోటలో చిక్కిన నిద్ర

అనగనగా ఒక రాజు. రాజన్నాక ముగ్గురు కొడుకులుంటారని మీకు తెలుసు. ముగ్గురిలో చిన్నవాడే గెలుస్తాడనీ తెలుసు. అన్నీ తెలిసిన గడుగ్గాయిలు, మరి మిట్టమధ్యాహ్నం నన్ను నడుం వాల్చనివ్వకుండా ఈ కథ ఎందుకర్రా? సరే, చెప్తాను. కానీ చిన్నవాడు ఏడు సముద్రాలు దాటిన కథ మాత్రం చెప్పను. ఎలా దాటాడంటే పడవ మీద దాటాడు. ఇంకెలా దాటుతారు? ఒక సముద్రం చూస్తే ఏడూ చూసినట్టే. మాంత్రికుడి కోటలో కింది నాలుగంతస్తుల సంగతీ చెప్పను. అక్కడ పాములున్నాయి, మంటలున్నాయి, మొసళ్ళున్నాయి. చచ్చీ చెడీ అన్నీ దాటాడు. చివరి మూడంతస్తులే చెప్తాను. అసలు కథ అక్కడే ఉంది, నా ఓపికా అంతవరకే ఉంది.

అయితే ఎందుకు వెళ్ళాడో ముందు చెప్పాలి.

మణికేతుడనే ఆ రాజు ఏలే రాజ్యంలో ఒకనాడు నిద్ర మాయమైపోయింది. మొదటి రోజు జనం సంతోషించారు. మిగిలిన పనులన్నీ చేసుకున్నారు. మూడో రోజు ఒకరి మీద ఒకరు విసుక్కున్నారు. నెల తిరిగేసరికి కూరలో ఉప్పు రెండుసార్లు వేసేవాళ్ళు, పాలకుండ అనుకుని నీళ్ళకుండలో తోడువేసేవాళ్ళు. అందరి కళ్ళూ గురివింద గింజలే. ఇంకో విచిత్రం విన్నారా? ఆ రాజ్యంలో ఎవరూ చచ్చిపోలేదు కూడా. చావడమంటే కన్నుమూయడమే కదా! కన్ను మూతపడనివాళ్ళు చచ్చేదెలా? కాటికి కాళ్ళు చాచిన ముసలివాళ్ళు అలా చాచుకునే కూర్చున్నారు, పాపం.

నిద్ర మాయమైన రోజునే రాణిగారికి ఆడపిల్ల పుట్టింది. పుట్టిన దగ్గర్నుంచి ఆ పిల్ల రెప్ప వాల్చలేదు. పిల్లలు నిద్రలోనే కదర్రా పెరుగుతారు! ఈ పిల్ల పెరగడం మానేసి తరగడం మొదలుపెట్టింది. రోజుకింత, రోజుకింత. రాజు కాసేపు, రాణి కాసేపు ఉయ్యాల ఊపారు. వచ్చిన జోలపాటలన్నీ అయిపోయాయి. వైద్యుడు వచ్చి చూసి తల దించుకున్నాడు.

"అమ్మా, ఇలాగే తరిగితే ఏడాది తిరిగేసరికి బిడ్డ బియ్యపు గింజంత అవుతుంది. ఆ పైన కంటికి కనబడదు" అన్నాడు.

నిద్రను ఎత్తుకుపోయింది ధూమజటుడనే మాంత్రికుడు. ఏడు సముద్రాల అవతల ఏడంతస్తుల కోట వాడిది. వాడు చావుకు భయపడి తన ప్రాణం తీసి ఒక చిలకలో దాచుకున్నాడు. దాచుకున్న నాటినుంచి వాడికి కునుకు కరువైంది. చిలకకు నిద్ర మేపితే తనకూ కాస్త అంటుతుందేమోనని మన రాజ్యంలో నిద్రంతా తెచ్చి దానికి మింగించాడు. చిలక హాయిగా పడుకుంది. వీడు మాత్రం మేలుకునే ఉన్నాడు.

పెద్ద కొడుకు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. మూడోవాడు ఉదయసేనుడు ఉయ్యాల మీదికి వంగి చెల్లెలి కళ్ళలోకి చూశాడు. ఆ పిల్ల కళ్ళు విప్పార్చుకుని అలాగే చూసింది. అప్పటికే అన్న అరచేతిలో ఇమిడేంత ఉంది.

"నీ నిద్ర నేను తెస్తానే తల్లీ" అని చెప్పి బయల్దేరాడు.

మూడో సముద్రంలో అలల మీద కొట్టుకుపోతున్న ఒక ఉడుతను చూసి చెయ్యి చాచి పడవలోకి తీశాడు. ఉడుత బతికింది కానీ దానికి పట్టిన జలుబు వదల్లేదు. అది రాకుమారుడి భుజమెక్కి కూర్చుని దారి పొడుగునా తుమ్ముతూనే ఉంది.

ఇక కోట సంగతి. నిద్ర లేనివాడికి చావు లేదని చెప్పాను కదా. కోటలో పడినవాడు ఆ అంతస్తు మొదటి మెట్టు మీద మళ్ళీ లేచేవాడు. విరిగిన ఎముకలు అతుక్కునేవి, గాయాలు మానేవి. అలసట మాత్రం ఎక్కడికీ పోయేది కాదు. దాన్ని మోసుకునే లేవాలి.

అయిదో అంతస్తు చేరేసరికి మొదటి మెట్టు మీద పెద్దన్న కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. బొగ్గుతో గీతలు గీసి గులకరాళ్ళతో పులిజూదం ఆడుకుంటున్నాడు. పులీ తనే, మేకా తనే.

"అన్నయ్యా!" అని ఉదయసేనుడు గట్టిగా వాటేసుకున్నాడు.

"వచ్చావా తమ్ముడూ? కూర్చో. పైకి వెళ్ళే మాట మాత్రం ఎత్తకు. రెండోవాడు ఎలాగో తప్పించుకుని పైకి పోయాడు, నేను రెండువందలసార్లు పడ్డాను. ఇక లేచే ఓపిక లేదు. నువ్వు పులివైపా, మేకవైపా?"

"చెల్లి తరిగిపోతోందన్నయ్యా."

పెద్దన్న చేతిలో రాయి కింద పెట్టేశాడు.

ఎదురుగా పొడుగాటి వసారా. పైకప్పులోంచి పెద్దపెద్ద రాతి స్తంభాలు ధన్ ధన్‌మని కిందికి దిగుతున్నాయి, పైకి లేస్తున్నాయి. ఉదయసేనుడు కత్తి దూసి బయల్దేరబోయాడు. ఉడుత "హాచ్!" మంది.

"తుమ్మాను యువరాజా. ఒక్క క్షణం కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళు."

"అక్కడ పసిపిల్ల కరిగిపోతుంటే తుమ్ములకీ దగ్గులకీ కూర్చోమంటావా?" అని పరిగెత్తాడు. రాయి పడింది. మొదటి మెట్టు మీద లేచాడు.

మళ్ళీ పరిగెత్తాడు. రాయి పడింది. మొదటి మెట్టు మీద లేచాడు.

మళ్ళీ పరిగెత్తాడు. ఎందుకర్రా మళ్ళీ మళ్ళీ చెప్పడం, అరవైసార్లు పరిగెత్తాడు, అరవైసార్లు రాయి పడింది. అరవయ్యోసారి లేచి కూర్చోలేక మెట్టు మీదే వెల్లకిలా పడుకున్నాడు. పడుకుంటే మాత్రం నిద్రొస్తుందా? కళ్ళు తెరుచుకునే పైకప్పు చూస్తూ, "ఇక నావల్ల కాదేమో" అని మొదటిసారి అనుకున్నాడు. కళ్ళనీళ్ళు చెవుల్లోకి కారాయి.

చివరికి పైకి లేవబోతుంటే ఉడుత మళ్ళీ "హాచ్!" మంది. ఈసారి ఉదయసేనుడికి కోపం రాలేదు. కోపానికైనా ఓపిక ఉండాలి కదా!

"చిరంజీవ" అన్నాడు ఉడుతతో. చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ అలాగే అనేది. ఎవరైనా తుమ్మితే గడప దాటనిచ్చేది కాదు, కూర్చోబెట్టి నీళ్ళిచ్చేది. ఉదయసేనుడు కూర్చున్నాడు. సొరకాయ బుర్రలో నీళ్ళు మెల్లగా తాగాడు. తాగుతూ ఊరికే అలా చూశాడు.

ఏం చూశాడు? ఇద్దరాడవాళ్ళు ఒకే రోట్లో వడ్లు దంచడం చూశారా? ఒకరి రోకలి లేస్తే ఒకరిది పడుతుంది. నాలుగు పోట్లు వేసి, చెదిరిన గింజలు రోట్లోకి తోయడానికి కాస్త ఆగుతారు. ఆ రాళ్ళూ అంతే. తొమ్మిది దెబ్బలు, ఆ తర్వాత కాస్త ఆగడం. మళ్ళీ తొమ్మిది దెబ్బలు, మళ్ళీ ఆగడం. ఆ ఆగినప్పుడు తాపీగా నడిచే మనిషి దాటిపోవచ్చు.

నడిచాడు. దాటాడు. అవతల్నుంచి కేకేశాడు.

"అన్నయ్యా, పరిగెత్తకు! తొమ్మిది లెక్కపెట్టి, నడిచి రా!"

పెద్దన్న నడిచి వచ్చి, వెనక్కి చూసి, నెత్తి కొట్టుకున్నాడు. "పరిగెత్తినన్నాళ్ళూ చూడలేదు. కూర్చున్నాక చూడటమే మానేశాను" అన్నాడు.

ఆరో అంతస్తు మొదటి మెట్టు మీద రెండో అన్న బోర్లా పడుకుని ఉన్నాడు. తమ్ముణ్ణి చూసి లేవలేదు, ఒక చెయ్యి మాత్రం ఊపాడు. ఎదుట పెద్ద హాలు. నేలంతా నల్లరాతి పలకలు, నూరో నూటయాభయ్యో. కొన్ని నిలుస్తాయి, కొన్ని కాలు పెట్టగానే విరిగి పాతాళంలోకి పోతాయి. పోయిన పలక మళ్ళీ యథాస్థానానికి వచ్చి కూర్చుంటుంది. చూడటానికి అన్నీ ఒకలాగే ఉంటాయి.

ఉదయసేనుడు ఈసారి తొందరపడలేదు. ఒక్కో పలకా గుర్తుపెట్టుకుంటూ వెళ్ళాడు. కానీ ఏడాదిగా నిద్ర లేని బుర్రకు గుర్తేముంటుంది? మొదటి పలక గుర్తుంటే పదో పలక మర్చిపోయేవాడు. పదోది గుర్తుంటే మొదటిది మర్చిపోయేవాడు. అటుకులు చల్లి గుర్తు పెట్టుకుంటే వెనకాలే ఉడుత ఒక్కటీ వదలకుండా తినేసింది.

"ఆకలేసింది యువరాజా" అంది తల దించుకుని.

యాభై ఒక్కసార్లు పడ్డాడు. యాభై రెండోసారి బయల్దేరబోతుంటే ఉడుత "హాచ్!" మంది. ఉదయసేనుడు మారుమాట లేకుండా వెళ్ళి రెండో అన్న పక్కన చతికిలబడ్డాడు. చేతిలో నీళ్ళబుర్ర అన్నకిచ్చాడు.

"అన్నయ్యా, నువ్వెన్నిసార్లు పడ్డావు?"

"మూడువందల పైమాటే. నన్ను దారి అడక్కు. నాకు దారి తెలీదు. తెలిసినవన్నీ తప్పులే."

"తప్పులే చెప్పు. అవే కావాలి."

రెండో అన్న ఎన్నో నెలల తర్వాత లేచి కూర్చున్నాడు. "ఇదిగో, ఎడమచేతి మొదటిది తొక్కకు, దాని మీద పదకొండుసార్లు పడ్డాను. దాని పక్కది ఇంకా మోసం. ఆ మూలది చూడటానికి గట్టిగా ఉంటుంది కానీ నా మోకాలు విరిగింది అక్కడే" అంటూ ఒక్కోటీ చెప్పుకొచ్చాడు. పెద్దన్న తన బొగ్గుముక్క తీసి మెట్టు మీద గళ్ళు గీసి, చెప్పినవి చెప్పినట్టు కొట్టేశాడు. కొట్టివేతలన్నీ పోగా మిగిలిందే దారి. మిగిలిన గళ్ళు చూసి ముగ్గురికీ నవ్వొచ్చింది. చిన్నప్పుడు పెరట్లో ఆడుకున్న తొక్కుడుబిళ్ళ! ఒకచోట ఒంటికాలు, ఒకచోట రెండు కాళ్ళు. ముగ్గురు రాకుమారులూ కుంటుకుంటూ, గెంతుకుంటూ అవతలికి చేరారు. చేరాక ఇద్దరన్నలూ ఆఖరి మెట్ల కింద కూలబడిపోయారు.

"మాకింక కాళ్ళు రావు తమ్ముడూ. నువ్వు వెళ్ళిరా" అన్నారు.

ఉదయసేనుడు ఒక్కడే ఏడో అంతస్తు ఎక్కాడు. అక్కడ రాళ్ళు లేవు, పలకలు లేవు. ఒక గది ఉంది. గదిలోంచి అమ్మ పాతచీర వాసనలాంటి వాసన వస్తోంది. నిద్ర వాసన అది. లోపల బంగారు ఉయ్యాల్లో, రెక్క కింద తల దూర్చి ఒక చిలక పడుకుని ఉంది. ఉయ్యాల పక్కన ఒక అమ్మాయి నిలబడి ఊపుతూ సన్నగా జోల పాడుతోంది. ఆమె పేరు హేమలేఖ, ఒక చిన్న రాజ్యపు రాకుమార్తె. గొంతు బావుందని మాంత్రికుడు మూడేళ్ళ కిందట ఎత్తుకొచ్చాడు. చిలకను పడుకోబెట్టడమే ఆమె పని. ఆమె గొంతు అప్పటికే సగం అరిగిపోయింది.

"కింది రెండంతస్తుల్లో నూట పదకొండుసార్లు పడ్డ మనిషివి నువ్వేనా?" అంది జోల వరస ఆపకుండానే.

"నీకెలా తెలుసు?"

"ప్రతి చప్పుడూ లెక్కపెట్టాను. ఇక్కడ నాకింకేముంది పని? పడ్డ ప్రతిసారీ అయ్యో అనుకునేదాన్ని. లేచిన చప్పుడు వినేదాకా పాట తడబడేది. ఇప్పుడు జాగ్రత్తగా విను. ఈ గదిలో నిద్ర ఉంది, అంచేత చావు కూడా ఉంది. ఇక్కడ పడితే మళ్ళీ లేవవు. కూర్చున్నావో, నిద్ర ముంచేస్తుంది. కత్తి ఎత్తకు. నిద్రలో ఉన్న చిలకని చంపితే దాని కడుపులో ఉన్న మీ నిద్రలన్నీ దానితోటే పోతాయి."

"మరి దారేది?"

"చిలకదీ వాడిదీ ఒకటే ప్రాణం. ఒకరు పడుకుంటే ఒకరు మేలుకోవాల్సిందే. వాడు పడుకుంటే చిలక లేస్తుంది. లేచి ఆవలించిందంటే నిద్రలన్నీ బయటికొస్తాయి. చిలక లేచి తన ప్రాణంతో ఎగిరిపోతుందని భయపడి, వాడు ఏడాదిగా కూర్చోలేదు. నిలబడే తింటాడు, నిలబడే మంత్రం చదువుతాడు."

అంతలోనే ధూమజటుడు వచ్చాడు. తాటిచెట్టంత మనిషి, పొగరంగు జడలు, కళ్ళ కింద నల్లటి సంచులు. వాడు వికటాట్టహాసం చేస్తాడనుకున్నారా? చెయ్యలేదు. మెల్లగా, గొంతు లోపల్నుంచి మాట్లాడాడు.

"కుర్రాడా, ఎందుకొచ్చావు? నీకు తెలీదు. పన్నెండేళ్ళుగా నాకు కన్ను మూతపడలేదు."

"తెలుసయ్యా. నాకు ఒక్క ఏడాదే. అయినా తెలిసింది" అన్నాడు ఉదయసేనుడు. నిజంగానే జాలిపడ్డాడు. "కానీ మా చెల్లి నిద్ర మాకిచ్చెయ్."

"ఇవ్వను" అని మాంత్రికుడు మంత్రదండం ఎత్తాడు.

ఉదయసేనుడు తూలి నిలదొక్కుకున్నాడు. రెప్పలు సీసం ముద్దల్లా వాలిపోతున్నాయి. ఇక్కడ పడితే మొదటి మెట్టు లేదు. అప్పుడు గుర్తొచ్చింది, తననే రెండుసార్లు కూర్చోబెట్టింది ఏమిటో. భుజం మీది ఉడుత చెవిలో, "తుమ్మవే!" అన్నాడు.

"రావట్లేదు యువరాజా! ఈ గది వెచ్చగా ఉంది. జలుబు తగ్గిపోయింది!"

చూశారా, అక్కర్లేనప్పుడు దారి పొడుగునా తుమ్మింది! మాంత్రికుడు "ఓం" అన్నాడు. ఉదయసేనుడు ఉడుత తోక పట్టుకుని, ఆ కొసనే దాని ముక్కులో దూర్చాడు.

"హా... హాచ్!"

మాంత్రికుడి చెయ్యి గాలిలో ఆగిపోయింది. మంత్రం ఎత్తుకోగానే తుమ్ము వినబడితే, కూర్చుని మూడు గుక్కల నీళ్ళు ఆచమనం చేసి మళ్ళీ మొదలుపెట్టాలి. లేకపోతే ఆ మంత్రం చదివినవాడి నెత్తికే చుట్టుకుంటుంది. ఇది వాడికి వాడి గురువు నేర్పిన మొదటి పాఠం. కూర్చుంటే నిద్ర, కూర్చోకపోతే చావు. చావుకు భయపడే కదా ఇన్ని చేసింది! అలా దండం ఎత్తుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"మూడు గుక్కలే కదా" అనుకున్నాడు చివరికి. "ఎంతసేపు?"

కూర్చున్నాడు. హేమలేఖ పాట ఆపకుండా చిలకవైపు నుంచి వాడివైపు తిరిగింది. వాడు మొదటి గుక్క తాగాడు. భుజాలు వాలాయి. రెండో గుక్క తాగాడు. గడ్డం గుండెకు తగిలింది. ఉదయసేనుడు తను పడిపోకుండా నాలుక కొరుక్కుని, చెల్లెలి కళ్ళు తలుచుకుంటూ నిలబడ్డాడు. మూడో గుక్క మాంత్రికుడి నోటిదాకా వెళ్ళలేదు. కమండలం దొర్లిపోయింది. గుర్రు వినబడింది.

చిలక రెక్క కిందనుంచి తల తీసింది. అటూ ఇటూ చూసి, నోరు ఇంత తెరిచి ఆవలించింది. ఆ నోట్లోంచి దూదిపింజల్లాగా తెల్లతెల్లగా నిద్రలు వేలకొద్దీ బయటికొచ్చి, కిటికీలోంచి సముద్రం వైపు ఎగిరిపోయాయి. వాటిలో ఒకటి మరీ చిన్నది, చిటికెన వేలి గోరంత. ఉదయసేనుడు అది కనుమరుగయ్యేదాకా చూశాడు.

"ఇక నన్ను చంపుతావా?" అంది చిలక.

"నాకు పడుకోవాలనుంది. ఎవర్నీ చంపాలని లేదు" అన్నాడు ఉదయసేనుడు.

"అయితే వీణ్ణి లేపకండి. వీడు పడుకున్నంతకాలం నేను హాయిగా తిరుగుతాను."

ఉదయసేనుడు తన ఉత్తరీయం మడతపెట్టి మాంత్రికుడి తల కింద ఉంచాడు. హేమలేఖ మూడేళ్ళలో మొదటిసారి పాట ఆపింది. ఆ నిశ్శబ్దానికి ఆమెకు ఏడుపొచ్చింది.

"నాతో వస్తావా?" అని అడిగాడు.

"వస్తాను. పాడమని మాత్రం అడక్కు" అంది.

అన్నలను లేపుకుని, ఏడు సముద్రాలూ మళ్ళీ దాటారు. పడవ మీదే. ఊళ్ళోకి వచ్చేసరికి పట్టపగలు కోట కాపలావాళ్ళు బల్లేలు పట్టుకునే గుర్రుపెడుతున్నారు. సభలో మంత్రులు ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయారు. జనం లేచి తిని, మళ్ళీ పడుకుని, ఏడాది బాకీ తీర్చుకుంటున్నారు. ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు కదా, ఎవరు ఎక్కడుంటే అక్కడే.

ఉదయసేనుడు చప్పుడు కాకుండా లోపలికి వెళ్ళాడు. రాణిగారు ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి కట్టుకుని నేల మీదే పడుకుంది. ఉయ్యాల ఆగిపోయి ఉంది. వాడి గుండె కూడా ఒక్క క్షణం ఆగింది. లోపల ఉందా, లేదా? వంగి చూశాడు.

ఉంది. మామిడి పిందెంత ఉంది. కళ్ళు రెండూ మూసుకుని, నోరు కాస్త తెరుచుకుని, పడుకుని ఉంది. చూస్తుండగానే నిద్రలో నవ్వింది. పసిపిల్లలు నిద్రలో నవ్వితే దేవుడు పూలు చూపిస్తున్నాడంటారు. ఆ పిల్లకు ఏడాది పూలూ ఒక్కసారే చూపించాడేమో, నవ్వుతూనే ఉంది. ఉదయసేనుడు ఉయ్యాల పక్కన కూర్చున్నాడు. ఈసారి ఎవరూ తుమ్మలేదు. వాడే కూర్చున్నాడు, అలాగే ఒరిగిపోయి నిద్రపోయాడు.

తర్వాత పెళ్ళి. మొదటి ముహూర్తం పురోహితుడు లేవక దాటిపోయింది. రెండో ముహూర్తానికి రాజుగారు లేవలేదు. మూడో ముహూర్తానికి పెళ్ళికొడుకు నెత్తిన జీలకర్రా బెల్లం పెట్టించుకునే కునుకు తీశాడు. హేమలేఖ మోచేత్తో పొడిచి లేపి తాళి కట్టించుకుంది. అన్నలిద్దరూ మాకు రాజ్యం వద్దు, మంచాలు చాలన్నారు. అందుకని ఉదయసేనుడే రాజై చాలా ఏళ్ళు ఏలాడు. తుమ్ము వినబడితే ఎంత పనిలో ఉన్నా కూర్చునేవాడు, కూర్చుని చుట్టూ చూసేవాడు. చెల్లెలు పెరిగి, వాళ్ళ వదిన కన్నా పొడుగైంది.

మాంత్రికుడా? వాడింకా పడుకునే ఉన్నాడు. తుమ్మితే ఊడే ముక్కులాంటిదర్రా వాడి నిద్ర, అందుకే గట్టిగా అరవద్దనేది. ఎవరది తుమ్మింది? చిరంజీవ. ఇంకేం, కూర్చో. మూడు గుక్కలు నీళ్ళు తాగు, ఇటు నా పక్కకి రా. ఇదిగో, చంటిది అప్పుడే పడుకుంది. నిద్రలో నవ్వుతోంది చూడండి. ఎవరూ లేపకండి.